ఎడమచేతి ఐసెల్

టర్కీ దేశంలో ఏ ఆడది ఎప్పుడు ఏడవాలో, ఎప్పుడు మూర్ఛపోవాలో, ఎవరి చేత చెంపదెబ్బ తిని ఎవరిని క్షమించాలో తేల్చేది అక్కడ కథలు రాసేవాళ్ళు కాదు. ఏలూరు తంగెళ్ళమూడిలో, రేకుల వరండాలో, నవారు మంచం మీద కూర్చునే మా దాదీ మహమూదా. ఆవిడ "ఇప్పుడు పడుతుంది చూడు" అందంటే ఆ పిల్ల మెట్ల మీంచి దొర్లాల్సిందే. "దీనికి నెల తప్పింది" అందంటే మర్నాటికల్లా కళ్ళు తిరగాల్సిందే. ఇస్తాంబుల్‌లో పోలీసులు లేకపోయినా రోజు గడుస్తుంది గానీ, మా దాదీ మధ్యాహ్నం కునుకు తీస్తే అక్కడ కాపురాలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి.

ఇది నేను వీధిలో అందరికీ చెప్పే మాట. దాదీ వింటే "సిగ్గు లేదే నీకు" అంటుంది. అబద్ధం అని మాత్రం అనదు.

నేను నజ్మాని, ఆవిడ కొడుకు కూతుర్ని. చదువుకని వట్లూరు కాలేజీకి వెళ్ళి, అక్కడ బస్సు ఎక్కడం దిగడం బాగా నేర్చుకుని, మధ్యలో మానేసి వచ్చాను. ఇప్పుడు ఇంట్లో జాకెట్లు కుడతాను. ఆ కొడుకు, మా అబ్బా ఇక్బాల్, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో గుమస్తా. పొద్దున్నే రైలెక్కుతాడు, సాయంత్రం ఉల్లిపాయల వాసనేసుకుని దిగుతాడు. "ఆ టర్కీ ఆడాళ్ళని మా కొట్లో ఒక్క పూట కూర్చోబెట్టండి, ఏడుపంటే ఏంటో తెలుస్తుంది" అంటాడు.

దాదీ చిన్నప్పుడు తివాచీలు నేసింది. అప్పట్లో మా వీధిలో ఇంటింటికీ మగ్గం ఉండేదట. ఉన్ని నూగు గొంతులోకి పోయీ పోయీ ఆవిడ దగ్గు ఇప్పటికీ కుక్కర్ విజిల్‌లా ఉంటుంది. మగ్గం పోయింది, తాతయ్య పోయారు. చేతులకి పనిలేక మంచం నవారు ఊడదీసి మళ్ళీ అల్లుకుంటూ కూర్చునేది. కరోనా రోజుల్లో ఇల్లు కదలకుండా ఉన్నప్పుడు, నేనే ఫోనులో టర్కీ సీరియల్ పెట్టి ఇచ్చాను. మా ఇంట్లో మాట్లాడుకునే భాషని ఊళ్ళోవాళ్ళు తురకం అంటారు. అసలు తురకలు ఎలా ఉంటారో ఓసారి చూడు దాదీ అన్నాను.

చూసింది. ఇక ఫోను తిరిగివ్వలేదు.

చూస్తూ తిట్టడం ఆవిడకి ఇష్టం. "ఇదేంటే, లిప్‌స్టిక్‌తో పడుకుంది, లిప్‌స్టిక్‌తో లేచింది. తలగడకి అంటదా?" "మంచిదైతే తెల్ల బట్టలు, చెడ్డదైతే ఎర్ర గోళ్ళు. అంత తేలిగ్గా తెలిస్తే మనకి సంబంధాలు చూసుకోవడం ఎంత సుఖం!" "ఇంత పెద్ద ఇంట్లో ఒక్కతీ గిన్నె తోమదేం? ఒకత్తి తలుపు చాటున వినడానికి, ఒకత్తి కిటికీ దగ్గర నిలబడ్డానికి, ఒకత్తి ఏడవడానికి. ఇవే వీళ్ళ ఉద్యోగాలు." అన్నిటికన్నా ఆవిడకి ఒళ్ళు మండేది ఒకటుంది. మొగుడు చెంప మీద కొడతాడు. నాలుగు రోజులకి ఆ పిల్ల అదే చెంప అతని భుజం మీద పెట్టుకుంటుంది. వెనక వయొలిన్ మోగుతుంది. "ప్రేమట!" అని దాదీ ఫోనుని నవారు మీద బోర్లా పడేస్తుంది. మళ్ళీ తనే తీసి తుడిచి పెట్టుకుంటుంది.

నాకు మాత్రం భయం వేసేది ఇంకొకటి. ఆ సీరియళ్ళని ఉర్దూలోకి మార్చి చెప్పే మనిషి ఒక్కతే అనుకుంటాను. అందరు ఆడవాళ్ళదీ ఒకటే గొంతు. నిన్న సమాధి చేసిన పిల్ల గొంతు ఇవాళ వేరే ఇంట్లో, వేరే నోట్లోంచి "నాకు చలిగా ఉంది" అంటుంది. ఎండ మండిపోయే వేళ, వీధిలో కుక్క కూడా కదలని వేళ, నేను మిషన్ ఆపి మంచినీళ్ళకని లేస్తే వరండాలోంచి ఆ గొంతు. దానికి దాదీ జవాబు: "కప్పుకో తల్లీ, కిటికీ తీసి పెట్టుకుంటే చలెయ్యదూ." మళ్ళీ ఆ గొంతు. మళ్ళీ దాదీ. ఎవరు ఎవరికి జవాబు చెబుతున్నారో నాకు తెలిసేది కాదు. గ్లాసు అక్కడే పెట్టేసి మిషన్ దగ్గరికి వచ్చేసేదాన్ని.

అలాంటి ఒక మధ్యాహ్నం ఐసెల్ వచ్చింది.

ఐసెల్ అంటే కొత్త సీరియల్లో కోడలు. సముద్రం పక్కన కొండ మీద మేడ. అత్తగారు టీ పొయ్యమంది. ఐసెల్ కూజా ఎత్తి, ఎడమ చేత్తో పోసింది. తర్వాత అందరితో కూర్చుని ఎడమ చేత్తోనే రొట్టె తుంచుకుని తింది.

దాదీ ఫోనుని మొహం దగ్గరికి లాక్కుంది. "మళ్ళీ పెట్టు."

పెట్టాను.

"ఎడం చేత్తో తింటోంది. ఎవరూ ఏమీ అనట్లేదే!" అంది. ఆ గొంతు ఆవిడది కాదనిపించింది. చిన్నపిల్ల గొంతులా ఉంది.

సంగతేంటో నాకు తెలుసు. మేం చూసే చానల్ దొంగ చానల్. పట్టుబడకుండా ఉండడానికి వాళ్ళు వీడియోని అద్దంలో బొమ్మలా తిప్పి పెడతారు. కార్లలో స్టీరింగ్ మనకిలాగే కుడివైపు వస్తుంది, బోర్డుల మీద అక్షరాలు వెనక్కి నడుస్తాయి. అలా చూస్తే ఆ ఇంట్లో అత్తగారిదీ, తోటమాలిదీ, డాక్టరుదీ అందరిదీ ఎడమ చెయ్యే. దాదీకి మాత్రం ఐసెల్ చెయ్యి ఒక్కటే కనబడింది. చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ మొహం చూసి మూసేసుకున్నాను.

ఎందుకంటే మా దాదీకి ఒక చెల్లెలుంది. ఖైరున్. ఇంట్లో ఖైరు అనేవారు; అబ్బాకి ఖాలా, అంటే పిన్ని. ఆమెది ఎడమ చెయ్యి.

మగ్గం ముందు అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే పలక మీద కూర్చునేవారట. మోచేతులు తగలకుండా ఖైరు ఎప్పుడూ దాదీకి ఎడమ పక్కన. పుట్టింట్లో ఆ చేతిని ఎవరూ పట్టించుకోలేదు. పెళ్ళయి ఆకివీడు వైపు కాపురానికి వెళ్ళాక పట్టించుకున్నారు. ఎడమ చేత్తో తినేది షైతాన్, ఇంట్లో బర్కత్, సిరీ సమృద్ధీ పోతాయి అన్నారు. అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా అత్తగారు ఆ చేతిని తువ్వాలుతో వెనక్కి కట్టేసేదట.

ఒక చలికాలం ఖైరు పుట్టింటికని కొల్లేరు మీదుగా పడవలో బయల్దేరింది. మంచు పట్టి ఉంది. సరస్సు మధ్యలో కిక్కిస గడ్డి దుబ్బుగా పెరిగిన ఒక దిబ్బ దగ్గర, ఒక్క క్షణం ఆపమంది. ఆడమనిషి కదా, పడవవాడు మర్యాదగా అటు తిరిగి కూర్చున్నాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఎవరూ లేరు. వెతికారు. ఒక చెప్పు దొరికింది. మునిగిపోయింది అన్నారు అత్తింటివాళ్ళు. లేచిపోయింది అన్నారు ఊళ్ళోవాళ్ళు. "మునిగితే తేలాలి కదా" అంది దాదీ. అప్పటికి నాకన్నా చిన్నది. ఇప్పటికీ అదే మాట.

మా ఇళ్ళలో షబే బరాత్ రోజు హల్వా చేసి, చనిపోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెబితే మౌల్వీగారు వాళ్ళ కోసం ఫాతిహా ప్రార్థన చదువుతారు. పేర్లు చెప్పేది దాదీ. అమ్మ పేరు, నాన్న పేరు, తాతయ్య పేరు, పురిట్లో పోయిన బిడ్డ పేరు. ఖైరు పేరు రావాల్సిన చోట ఆవిడ ఒక్క దగ్గు దగ్గి ముందుకు వెళ్ళిపోతుంది. తర్వాత తన ఎడమ పక్కన నేల మీద చిన్న సాసరులో హల్వా పెడుతుంది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. చిన్నప్పుడు నేను ఓసారి చెయ్యి చాపితే ఆవిడ అరవలేదు. "అక్కడ మనిషుంది" అంది మామూలుగా. ఆ రోజు నుంచి ఆ పక్కగా నడిచేటప్పుడు ఇప్పటికీ నేను కాస్త చుట్టూ తిరిగే వెళ్తాను.

ఈ ఏడాది చలి మొదలయ్యాక దాదీకి గుండెల్లో నొప్పి వచ్చి ఆసుపత్రిలో పెట్టారు. బాగై వచ్చింది. వచ్చినప్పటి నుంచి అబ్బా వదల్లేదు.

"అమ్మీ, ఈసారి ఖైరు ఖాలా పేరు చదివించండి. మీరున్నారు కాబట్టి దగ్గుతున్నారు. మీ తర్వాత ఆమె బతికుందో పోయిందో చెప్పేవాళ్ళెవరు? అటూ కాకుండా ఇటూ కాకుండా ఆమె ఎన్నాళ్ళుండాలి?"

"నా తర్వాత నన్నెక్కడ పెడతావో చూసుకో ముందు."

"మాట మార్చకండి."

దాదీ మార్చింది. ఫోను తీసుకుంది. ఆ రోజు ఐసెల్ మొగుడు ఐసెల్‌ని కొట్టాడు. ఐసెల్ వానలో పరిగెత్తింది. కొండ అంచు దాకా వెళ్ళింది. తర్వాత సముద్రం ఒక్కటే చూపించారు, చాలాసేపు. పోలీసులు రాళ్ళ మధ్య టార్చి వేస్తే ఒక చెప్పు కనబడింది.

ఒక్క చెప్పు.

అబ్బా కూడా చూస్తున్నాడు. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. రేకు మీద కాకి నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"సరే," అంది దాదీ. "ఇది తిరిగొస్తే ఖైరు పేరు ఎవరూ ఎత్తకూడదు. రాకపోతే చదివించు."

"అమ్మీ! సీరియల్ చూసి ఫాతిహా నిర్ణయిస్తారా?"

"మీ మగాళ్ళు చెప్పు చూసి నిర్ణయించలేదూ?"

అబ్బా లేచాడు. నన్ను వంటింట్లోకి పిలిచి, "తిరిగొస్తుందా?" అని రహస్యంగా అడిగాడు. శవం చూపించలేదంటే టర్కీలో తప్పకుండా తిరిగొస్తుంది అబ్బా అన్నాను. ఆయన తల పట్టుకున్నాడు.

మర్నాడు చానల్ లేదు. దొంగలు పట్టుబడ్డట్టున్నారు. ఎంత వెతికినా నల్లటి తెర, ఈ వీడియో అందుబాటులో లేదు అనే ముక్క. దాదీ ఆ నల్ల తెరనే చూస్తూ కూర్చుంది. అందులో ఆవిడ మొహమే కనబడుతోంది. మధ్యాహ్నాలు ఇంట్లో ఆ గొంతు లేదు. అయినా దాదీ జవాబులు మాత్రం ఆగలేదు. "ఊఁ" అనేది. "తెలుసు" అనేది. ఒకసారి "ఎక్కడ?" అని అడిగింది. నేను మిషన్ తొక్కడం ఆపి చెవి పెట్టాను. అటు నుంచి ఏమీ వినిపించలేదు. దాదీకి వినిపించినట్టే ఉంది. తలూపింది.

షబే బరాత్ నాడు పొద్దున్న, అబ్బా రైలెక్కాక, "నన్ను కొల్లేరు తీసుకెళ్ళు" అంది.

గుడివాకలంక దాకా ఆటోలో వెళ్ళాం. మంచు ఇంకా విడలేదు. పడవ నడిపే పేతురు మా దాదీని ఎగాదిగా చూశాడు.

"ఏవండీ మామ్మగారూ, ఈత వచ్చాండీ?"

"రాదు."

"మంచిదండీ. నాకూ రాదు. ఇద్దరం జాగ్రత్తగా కూర్చుందాం."

గెడ వేసుకుంటూ లోపలికి తీసుకెళ్ళాడు. గుర్రపుడెక్క పక్కలకి రాసుకుంటోంది. మంచులో కొంగలు కనబడవు, వాటి రెక్కల చప్పుడే. దాదీ దిబ్బ గురించి అడిగింది. కిక్కిస దుబ్బు ఉన్న దిబ్బ, ఆకివీడు పడవలు పక్కగా వెళ్ళేది.

"అటు చాలామట్టుకు చేపల చెరువులు చేసేశారండీ. ఆ దిబ్బ ఒకటి మిగిలింది. మా వాళ్ళు మంచు పూట అటు రారండి."

"ఏం?" అన్నాను.

"ఆడమనిషి ఏడుపు వినబడుద్దండీ."

నేను నవ్వాను. పేతురు నవ్వలేదు. కాసేపటికి గెడ నీళ్ళలోంచి ఎత్తి అలాగే పట్టుకున్నాడు. పడవ దానంతటది జారుతోంది.

వినబడింది.

ఎక్కడో ఎదర, మంచులో. సన్నగా, ఆగి ఆగి. మాటల్లేవు. పేతురు వేళ్ళతో నుదుటి మీద, గుండె మీద సిలువ గుర్తు వేసుకున్నాడు. దాదీ పడవలో లేచి నిలబడింది. పడవ ఊగింది. నేను ఆవిడ నడుం గట్టిగా పట్టుకున్నాను. ఆ ఏడుపు నాకు తెలుసు. ఆ వెక్కిళ్ళ మధ్య ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో కూడా తెలుసు.

"ఐసెల్," అంది దాదీ.

మాటలకి డబ్బింగ్ చెబుతారు గానీ ఏడుపుని అలాగే వదిలేస్తారు. అది ఐసెల్ ఏడుపే.

మంచులోంచి ఆ కిక్కిస దిబ్బ, దాని పక్కనే చెరువు గట్టు, గట్టు మీద కాపలా పాక బయటపడ్డాయి. పాక ముందు ఒకామె చేపల మేత కలుపుతోంది. మేత బస్తాకి ఆనించిన ఫోనులో సీరియల్ పాత భాగం నడుస్తోంది, తెలుగులో. పేతురు ఊపిరి వదిలి, "ఓస్, నువ్వా భాగ్యశ్రీ! మా ఊరందర్నీ చంపుతున్నావు కదే" అన్నాడు.

"ఇక్కడ ఇంకేం తోస్తుందన్నా? ఆయన రాత్రంతా కాపలా కాసి పడుకుంటాడు. నేను, చేపలు, ఇదిగో వీళ్ళూ," అని నవ్వింది. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దదేమో. "రండి మామ్మగారూ, కూర్చోండి. మీరూ చూస్తారా అండీ?"

"ఐసెల్ తిరిగొచ్చిందా?" అంది దాదీ. గట్టెక్కి పాక ముందు చాప మీద కూర్చుంటూ, పేరూ ఊరూ చెప్పకుండా అదే మొదటి మాట.

"నిన్ననే వచ్చిందండీ!"

భాగ్యశ్రీ నిన్నటి భాగం పెట్టి చూపించింది. మేడ తలుపు తెరుచుకుంది. గడప మీద ఒకామె. మొహం వేరు. ఆ పాత పిల్ల మానేసిందో ఏమో, ఇంకొకత్తిని పెట్టారు. ప్రమాదంలో మొహం చితికితే ఆపరేషన్ చేశారట. ఈ కొత్త ఐసెల్ తిన్నగా వచ్చి అత్తగారి చేతిని ముద్దుపెట్టుకుంది. కొట్టిన మొగుణ్ణి కన్నీళ్ళతో క్షమించింది. తల దించుకుని అందరికీ టీ పోసింది. కుడి చేత్తో.

ఈ చానల్ అసలుది. తిప్పి పెట్టినది కాదు. అది నాకు తెలుసు. తెలిసినా, ఆ మంచులో, ఆ దిబ్బ పక్కన, మొహం మారి చెయ్యి మారి వచ్చిన ఆ మనిషిని చూస్తూ నేను దాదీకి ఇంకాస్త దగ్గరగా జరిగాను.

"ఇది ఐసెల్ కాదు," అంది దాదీ.

"అదేనండీ మామ్మగారూ, మొహం మార్చారంతే."

"చెయ్యి కూడానా? అది రాలేదమ్మా. వీళ్ళకి కావలసినదాన్ని ఒకదాన్ని తెచ్చి నిలబెట్టారు." ఫోనుని బస్తా మీద బోర్లా పెట్టేసింది. పరాయివాళ్ళ ఫోను అని కూడా చూడలేదు.

భాగ్యశ్రీ ఏమీ అనుకోలేదు. ఫ్లాస్కులోంచి టీ పోసి దాదీకి అందించింది. ఎడమ చేత్తో.

దాదీ ఆ చేతిని చూస్తూ ఉండిపోయింది. గ్లాసు అందుకోలేదు.

"అయ్యో, ఎడం చేత్తో ఇచ్చేశాను. ఏమనుకోకండి మామ్మగారూ. మా అమ్మమ్మ దగ్గర పెరిగానండీ. ఆవిడకి అన్నీ ఈ చెయ్యే. నాకూ అదే అంటుకుంది."

నేను నోరు తెరిచాను. మీ అమ్మమ్మ పేరేంటి అని అడగబోయాను. ఓణీ కింద నుంచి దాదీ నా తొడ మీద గిల్లింది. అలా ఇలా కాదు, మగ్గం మీద ముడి బిగించిన వేళ్ళు అవి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టర్కీ వాళ్ళు చూసుంటే నాకు వేషం ఇచ్చేవారు.

దాదీ గ్లాసు అందుకుంది. తన ఎడమ చేత్తో. తర్వాత చాప మీద కొంచెం కుడికి జరిగి, ఎడమ పక్కన చోటు చేసింది. భాగ్యశ్రీ వచ్చి అక్కడ కూర్చుంది. ఇద్దరూ టీ తాగారు. మోచేతులు తగల్లేదు. మంచు విడే దాకా కూర్చుని వచ్చేశాం.

సాయంత్రం అబ్బా ఉల్లిపాయల వాసనతో వచ్చేసరికి పొయ్యి మీద హల్వా ఉంది. మౌల్వీగారు రావడానికి ఇంకా సమయముంది.

"ఐసెల్ తిరిగొచ్చిందట కదా," అన్నాడు నీరసంగా. మార్కెట్లో ఎవరినో అడిగినట్టున్నాడు.

"రాలేదు," అంది దాదీ.

ఆయన మొహం మారింది. దాదీ పక్కన మంచం మీద మెల్లగా కూర్చున్నాడు. "అయితే ఖైరు ఖాలా పేరు చెబుతారా అమ్మీ?"

"ఐసెల్ పేరు చదివించు. అదే పోయింది పాపం. దానికోసం ఎవరూ ఏడవలేదు."

"మౌల్వీగారు తండ్రి పేరు అడుగుతారు! నేనేం చెప్పను?"

"టర్కీ వాడని చెప్పు."

అబ్బా నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. దాదీ చిన్న సాసరు తీసి, కొంగుతో తుడిచి, తన ఎడమ పక్కన పెట్టుకుంది. ఇక నేను ఆగలేకపోయాను. దొంగ చానల్ సంగతి, బొమ్మ తిప్పి పెట్టిన సంగతి అంతా చెప్పేశాను. అసలు ఐసెల్‌ది మొదట్నుంచీ కుడి చెయ్యే దాదీ, నువ్వు చూసిందంతా అద్దంలో బొమ్మ అన్నాను.

"ఐసెల్‌ని అద్దంలో చూశానేమో. ఖైరుని చూళ్ళేదుగా," అంది.

"మరి ఆ అమ్మాయిని అడగనివ్వలేదేం? ఒక్క పేరు! వాళ్ళ అమ్మమ్మ పేరేంటో అడిగితే తేలిపోయేది కదా!"

దాదీ నన్ను ఎగాదిగా చూసింది, కాలేజీ మానేసి వచ్చిన రోజున చూసినట్టే.

"అడిగితే చెప్పేస్తుంది కదే మొద్దూ. పో, హల్వా అడుగంటుతోంది."